ఆ అమ్మను ఎందుకు చంపావు?

అల్లిపురం,
విశాఖపట్నం.

అమ్మాయీ,

నీ కథ మంగళవారం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నాలుగో పేజీ దగ్గర ఆగిపోయి, కళ్ళజోడు తీసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఏడో పేజీకి వచ్చేసరికి నీ మీద కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు, అందుకే ఇవాళే రాస్తున్నాను.

ఆ అమ్మను ఎందుకు చంపావు?

గాజువాకలో రెండు గదుల ఇల్లు. కూతురి పురిటికని పాత చీరలు పోగేసి బొంత కుడుతున్న తల్లి. చీరలు పొరలు పొరలుగా పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా పప్పు డబ్బాలు పెట్టి, ఆ బొంత మీదే కూర్చుని ఒక అంచు నుంచి కుట్టుకుంటూ వస్తోంది. ఆమెకి చత్వారం. స్టీల్ ప్లాంటులో సి షిఫ్టు దిగి పొద్దున్నే ఇంటికొచ్చిన నాన్న, స్నానానికి కూడా వెళ్ళకుండా, ఆరు సూదుల్లో దారం ఎక్కించి గోడ మీది క్యాలెండర్‌కి వరసగా గుచ్చి, అప్పుడు వెళ్ళి పడుకుంటాడు. ఆమె అడగలేదు. ఆయనా ఏమీ అనలేదు. సాయంత్రం లేచాక ఇంకా ఎన్ని సూదులు మిగిలాయో చూసుకుంటాడు.

ఇదంతా నువ్వు అర పేజీలో తేల్చేశావు. ఆ తర్వాత ఆమెకి గుండెపోటు తెప్పించి, సగం కుట్టిన బొంత ఆమె మీదే కప్పి, మూడు పేజీలు ఏడిపించావు. కథలో ఉన్నది మీ అమ్మేనని, అమ్మ బాగానే ఉందని, ఇంకా చదివి వినిపించలేదని ఉత్తరంలో రాశావు. వినిపించకు. ఎందుకో చెప్తాను.

1979లో మేము వన్ టౌన్‌లో ఒక మేడ మీద గదిలో అద్దెకుండేవాళ్ళం. మా ఆయనది పోర్టులో ఉద్యోగం. పిల్లలు పడుకున్నాక, వంటగది గడప మీద కూర్చుని రాసుకునేదాన్ని. అప్పుడు మా అమ్మ గురించి ఒక కథ రాశాను. అమ్మ గుడ్డ బొమ్మలు చేసేది. టైలర్ దగ్గర మిగిలిపోయిన పీలికలు సంచీతో తెచ్చుకుని, బూరుగు దూది కూరి, నల్ల దారంతో కళ్ళు కుట్టేది. ప్రతి బొమ్మకీ ఎడమ బుగ్గ మీద ఒక పుట్టుమచ్చ ఉండాల్సిందే. వీధిలో పిల్లలందరి చేతుల్లోనూ ఆ పుట్టుమచ్చ బొమ్మలే. నా కథ అంతే, ఒక బొమ్మ తయారైన సాయంత్రం. వారపత్రిక వాళ్ళు తిప్పి పంపారు. దానికి గుచ్చిన కాగితం మీద ఒకటే ముక్క: "అందరూ సుఖంగానే ఉన్నారు కదా, కథ ఏదీ?"

నాకు పౌరుషం వచ్చింది. అమ్మను ఆసుపత్రిలో చేర్చాను, పక్కన కళ్ళు కుట్టని బొమ్మ పెట్టాను, చంపేశాను. దీపావళి పోటీలో ఆ కథకే బహుమతి వచ్చింది, 116 రూపాయలు. అమ్మకి చదువు రాదు. మా చెల్లి చదివి వినిపించింది. ఆఖరిదాకా విని, నా వైపు తిరిగి, "అయితే నన్ను సంపేసినావేటే?" అంది. కాసేపయ్యాక మళ్ళీ, "సచ్చిపోతే పోనాను గానీ, బొమ్మని సగంలో ఒగ్గేసినానని రాసినావేటే? నానెప్పుడైనా ఒగ్గేసినానా?" అంది.

ఎప్పుడూ వదిలెయ్యలేదు. జ్వరంతో కూడా కళ్ళు కుట్టి ఇచ్చిన మనిషి. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు బతికింది, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ కథని నేను ఏ సంపుటిలోనూ వేసుకోలేదు.

నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. మన పత్రికల్లో కుటుంబ కథ అంటే కొడుకు అమెరికాలో ఉండాలి, తల్లి వృద్ధాశ్రమంలో ఉండాలి, ఆఖరి పేరాలో ఫోన్ మోగాలి. ఇప్పుడవే వాట్సాప్‌లో దణ్ణం బొమ్మలతో తిరుగుతున్నాయి. ఇంట్లో సంతోషం గురించి ఆడవాళ్ళు రాస్తే వంటింటి సాహిత్యం అని పక్కన పెట్టేశారు. శ్రీకాకుళంలో కథానిలయం అని తెలుగు కథల గ్రంథాలయం ఉంది, విశాఖలో బడిపంతులుగా పనిచేసిన కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టారు. ఒక రోజు వెళ్ళి ఆ పాత వారపత్రికలు తిరగెయ్యి. పేరు కూడా గుర్తులేని రచయిత్రులు ఇంటి గురించి ఎంత బాగా రాశారో నీకే తెలుస్తుంది.

నీ కథలో "ఆనందం" అనే మాట తొమ్మిది చోట్ల ఉంది. అన్నిటినీ కొట్టేశాను. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఎప్పుడైనా చూశావా? అక్కడ బొమ్మకి కుంచెతో రంగు వెయ్యరు. లేత్ మీద గిర్రున తిరిగే అంకుడు కర్రకి రంగు కలిపిన లక్కని ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. ఇంట్లో సంతోషం కూడా పనిలోంచే రావాలి, పైనుంచి పూస్తే నిలవదు. ఈ విషయంలో నాతో ఎవరు వాదించినా నేను ఒప్పుకోను. మనుషులు ఏం చేస్తున్నారో చూపించు, వాళ్ళకి ఎలా ఉందో నువ్వు చెప్పకు.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మా వీధిలో చాలా రోజులు కరెంటు లేదు, ఫోన్లు లేవు. చెట్లు కూలి దారి మూసుకుపోయింది. బిందెడు నీళ్ళకి చీకటితోనే లైను. పక్క వాటా వాళ్ళూ మేమూ అందరం మా ముందుగదిలోనే తిని అక్కడే పడుకున్నాం. మా కోడలు గచ్చు మీద సుద్దముక్కతో అష్టాచెమ్మా గీసింది. నాలుగు చింతపిక్కలు ఒకవైపు తెల్లగా అరగదీయడానికి మనవడికి పూటంతా పట్టింది. ఆటలో మా అబ్బాయి కాయ ఒక గడి ఎక్కువ జరిపాడు. మంచం మీద కూర్చున్న మా ఆయన, "తొండి చెయ్యకురా" అన్నాడు. ఇల్లు అమ్మే విషయంలో గొడవపడి, అప్పటికి వాళ్ళిద్దరూ మాట్లాడుకుని ఏడాది దాటింది. అబ్బాయి కాయ వెనక్కి జరిపి, "నువ్వు కూడా రా నాన్నా" అన్నాడు. మా ఆయన మంచం దిగాడు. ఆ రాత్రి కొవ్వొత్తి అయిపోయేదాకా ఆడారు.

ఎవరూ చనిపోలేదు. అయినా ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పూడుకుపోతుంది.

అందుకని బొంత దగ్గరికే తిరిగి వెళ్ళు. బొంతకి పట్టుచీర పనికిరాదు, ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరే కావాలి. పసిబిడ్డ ఒంటికి తగిలేది ఏది, లోపలి పొరల్లోకి పోయేది ఏది అని మీ అమ్మ చీరలు ఎన్నిసార్లు అటూ ఇటూ మార్చి ఉంటుంది! అది మామూలు పనితనం కాదు. ఏ చీరనైనా చేతిలోకి తీసుకుని మళ్ళీ బీరువాలో పెట్టేసిందా? ఎందుకు? వెళ్ళి అడుగు. అడిగే ముందు పక్కన కూర్చుని రెండు వరసలు నువ్వు కూడా కుట్టు. మూడో పేజీలో పెదనాన్న ఉపన్యాసం తీసెయ్యి.

కలం పేరు సంగతి, ఏ పత్రికకి పంపాలన్న సంగతి తర్వాత చూద్దాం.

బొంత పూర్తయ్యాక కథ మళ్ళీ రాసి పంపు. ఇంకొకటి, నాన్న ఆ ఆరు సూదుల్లో ఎక్కించిన దారం ఏ రంగో నువ్వు రాయలేదు. ఈసారి అది రాయి.

ఇట్లు,
మీ అమ్మమ్మ వయసున్న ఒక రచయిత్రి