ఫ్యాట్ టైర్ ఈ-సైకిల్ మీద కొండెక్కే మేనల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. నాలుగంగుళాల టైర్లు, వెనక చక్రంలో మోటారు, 48 వోల్టుల 14 ఆంపియర్ అవర్ బ్యాటరీ. మంచి బండే కొన్నావు. డిసెంబరులో దాని మీద నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కి రెండు రాత్రులు గుడారంలో పడుకుంటానన్నావట, మీ అమ్మ ఫోన్ చేసి నిన్ను ఆపమంది. నేను ఆపను. నాలుగేళ్లుగా ఇలాంటి బండి మీదే ఆ కొండల్లో తిరుగుతున్నాను, వెళ్తే ఎంత బాగుంటుందో నాకు తెలుసు. కానీ ఈ ఉత్తరం మొత్తం చదవకుండా బయలుదేరకు.

అన్నిటికంటే ముందు బ్యాటరీ. షాపులో నీకు 60 కిలోమీటర్లు వస్తుందని చెప్పే ఉంటారు. చదును రోడ్డు మీద, సామాను లేకుండా అయితే రావచ్చు. నేనూ ఆ మాట నమ్మే మొదటిసారి 36 వోల్టుల 10 ఆంపియర్ అవర్ బ్యాటరీతో బయలుదేరాను. ఘాట్ సగం కూడా ఎక్కకముందే, సాయంత్రం ఐదున్నరకి ఆగిపోయింది. సామానుతో కలిపి 50 కిలోల బండిని మలుపు తర్వాత మలుపు తోసుకుంటూ చీకటిపడ్డాక ఒక టీ బడ్డీ దగ్గరికి చేరాను. ఆ బడ్డీ నడిపే ఆవిడ ప్లగ్గు చూపించి, అన్నం పెట్టి, వరండాలో పడుకోమంది. ఆ రాత్రి ఆవిడ లేకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకుంటాను.

అందుకే కిలోమీటర్లు కాదు, ఎత్తు లెక్కపెట్టు. వంద కిలోల బరువును వంద మీటర్లు పైకి తీసుకెళ్లడానికి 27 వాట్ అవర్లు (బ్యాటరీలో ఉండే శక్తికి కొలత) కావాలి, మోటారులో, వైర్లలో వేడిగా పోయేది కలిపితే 35 అనుకో. నువ్వు 70 కిలోలు, బండి 30, సామాను 20, మొత్తం 120. నర్సీపట్నం నుంచి లంబసింగికి సుమారు 900 మీటర్లు ఎక్కాలి. అంటే ఎత్తుకే 380 వాట్ అవర్ల దాకా పోతుంది. ఇక ఆ లావు టైర్లు ముప్పై చిల్లర కిలోమీటర్లు దొర్లడానికి ఇంకో 150 నుంచి 200 తింటాయి. నీ బ్యాటరీలో ఉండేది వోల్టులని ఆంపియర్ అవర్లతో గుణిస్తే వస్తుంది, 48 ఇంటూ 14, 672 వాట్ అవర్లు. కాళ్లు కదపకుండా థ్రాటిల్ (హ్యాండిల్ మీది యాక్సిలరేటర్) తిప్పుకుంటూ పోతే పైకి చేరేసరికి దాదాపు ఖాళీ. అదే మొదటి నుంచీ నువ్వు కూడా తొక్కితే మూడో వంతు పైనే మిగులుతుంది. ఆ మిగిలిందే నీ ధైర్యం, అక్కడ తిరగడానికి, దారి తప్పితే వెనక్కి రావడానికి. ప్రయాణానికి ముందు ఇంటి దగ్గర ఏదైనా కొండ రోడ్డు మీద సామానంతా కట్టుకుని ఒకసారి ఎక్కి చూసుకో, నా లెక్కకీ నీ బండికీ ఎంత తేడా ఉందో తెలిసిపోతుంది.

ఎక్కేటప్పుడు మోటారుని ఏడిపించకు. చక్రంలో ఉండే మోటారు మెల్లగా తిరుగుతూ ఎక్కువ బరువు లాగితే కరెంటు చాలావరకు వేడిగానే పోతుంది, లోపలి నైలాన్ పళ్ల గేర్లు కూడా అరిగిపోతాయి. వేగం నడకంత తగ్గిపోయిందంటే దిగి నడిపించు, చెయ్యి పెట్టి చక్రం మధ్య భాగం తాకి చూడు, చెయ్యి ఆనడం లేదంటే పావుగంట ఆగు. అన్నట్టు నీది 250 వాట్లు, 25 కిలోమీటర్ల వేగం లోపు అని రాశావు కాబట్టి రిజిస్ట్రేషన్ గొడవ లేదు. ఆన్‌లైన్‌లో 750, 1000 వాట్లవి కూడా సైకిళ్లనే పేరుతో అమ్ముతున్నారు, చట్టం లెక్కలో అవి మోటారు బళ్లే, లైసెన్సు, ఇన్సూరెన్సు అన్నీ కావాలి. నీ స్నేహితుడు అలాంటిది తెస్తానంటే వద్దని చెప్పు.

టైర్ల గాలి గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. తారు రోడ్డు మీద 20 పీఎస్ఐ ఉంచు, మట్టి బాట మీదికి దిగగానే 10, 12కి తగ్గించు, ఇసుక అయితే ఇంకా తగ్గించాలి. గాలి తగ్గితేనే ఆ టైరు పరుచుకుని పట్టు దొరుకుతుంది. తగ్గించడం సులువే, మళ్లీ రోడ్డెక్కాక నింపడానికి చేతి పంపుతో వందల సార్లు కొట్టాలి, కాబట్టి కాస్త పెద్ద పంపు తీసుకెళ్లు. వెనక చక్రం పంక్చరైతే చక్రం ఊడదీయనక్కర్లేదు, మోటారు వైరుతో కుస్తీ పట్టనక్కర్లేదు. బండిని పక్కకి పడుకోబెట్టి, టైరు ఒక వైపు మాత్రమే రిమ్ము నుంచి తప్పించి, ముల్లు దిగిన చోట ట్యూబు బయటికి లాగి ప్యాచ్ వేసెయ్. ప్యాచ్ పనికిరానంతగా ట్యూబే చిరిగిపోతే మాత్రం చక్రం తియ్యక తప్పదు, దానికి ఇరుసు నట్టుకి సరిపోయే స్పానర్, చాలా బళ్లకి 18 నంబరు, నీ దగ్గర లేకపోతే ఆ చుట్టుపక్కల సైకిల్ షాపులో దొరుకుతుందని నమ్మకం లేదు.

బరువంతా వెనక క్యారియర్ మీద కట్టకు. మోటారు, నువ్వు, సామాను అన్నీ ఒకే చక్రం మీద పడితే పుల్లలు తెగుతాయి. నీళ్లు, వంట సామాను రెండు పక్కలా కిందికి, నిద్రసంచీ, గుడారం ముందు హ్యాండిల్ మీద. దిగేటప్పుడు ఈ బరువే బ్రేకుల మీద పడుతుంది, బయలుదేరే ముందే ప్యాడ్లు కొత్తవి వేయించు, ఘాట్‌లో బ్రేకు అదే పనిగా పట్టి ఉంచకుండా పట్టి వదులుతూ రా.

లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు పెట్టారంటారు. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున చలి సున్నా దగ్గరికి పోయిన రోజులున్నాయి. చలి నీ ఒంటికి పైనుంచే కాదు, నేల నుంచి కూడా వస్తుందని గుర్తుంచుకో. దుప్పటి ఇంకోటి తగ్గినా ఫర్వాలేదు, కింద పరిచే మందపాటి షీటు మాత్రం మర్చిపోవద్దు. రాత్రి బ్యాటరీ ఊడదీసి గుడ్డలో చుట్టి గుడారంలోనే పెట్టుకో, చలికి దాని బలం తగ్గుతుంది. గడ్డకట్టే చలిలో ఉన్న బ్యాటరీకి వెంటనే చార్జింగ్ పెట్టకు, సెల్స్ లోపల పాడైపోతాయి. ముందు మామూలు వేడికి రానీ.

ఎక్కడ పడుకోవాలన్నది నాకు బ్యాటరీ కంటే ముఖ్యమైన సంగతి. ఖాళీగా కనబడినంత మాత్రాన అది ఎవరిదీ కాని నేల కాదు. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు, అది నేరం. మిగతా నేల అంతా ఏదో ఒక ఊరిది, ఎవరో ఒకరి పొలం, ఎవరో ఒకరి కాఫీ తోట. పొద్దు ఉండగానే ఊళ్లోకి వెళ్లి పెద్దవాళ్లని గౌరవంగా అడుగు. నన్ను ఇంతవరకూ కాదన్నవాళ్లు ఇద్దరే, వాళ్లు కూడా పక్క ఊరికి దారి చూపించారు. గెడ్డ (కొండవాగు) ఒడ్డు చూడ్డానికి ఎంత బాగున్నా ఇసుకలో గుడారం వెయ్యకు, పైన కొండ మీద వాన పడితే నీకు తెలియకుండానే నీళ్లొచ్చేస్తాయి. గెడ్డ దాటాల్సి వచ్చినా చక్రం ఇరుసు వరకు నీళ్లుంటే ఆగిపో, మోటారు వైరు లోపలికి వెళ్లేది అక్కడే. గుడారం జిప్పు ఎప్పుడూ మూసే ఉంచు, కట్లపాము లోపలికి రావచ్చు. ఏజెన్సీలో మలేరియా ఉంది, దోమల మందు రాసుకో. తినేవి గుడారానికి దూరంగా పెట్టు, ఎలుగుబంట్లు తిరిగే చోటు అది. మంట వేయాలనిపిస్తుంది, ఊరివాళ్లు వేసిన చలిమంట దగ్గరే కూర్చో, వంటకి చిన్న గ్యాస్ స్టవ్ చాలు.

ఇంకొక్క మాట, ఇది గట్టిగా చెబుతున్నాను. ఆ రోడ్డు మీద గంజాయి కోసం పోలీసులు తనిఖీలు చేస్తుంటారు. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకో, బ్యాగులు తెరవమంటే తెరువు. ఎవరైనా సరే, ఎంత మంచిగా మాట్లాడినా, ఈ పొట్లం కొండ దిగాక ఫలానా వాళ్లకి ఇవ్వమంటే ముట్టుకోకు.

చార్జింగ్ కోసం మడతపెట్టే సోలార్ ప్యానెల్ కొనాలా అని అడిగావు. వద్దు. వంద వాట్లదని రాసి ఉన్నా మంచి ఎండలో అరవై, డెబ్బై ఇస్తుంది, లంబసింగిలో పొగమంచు పోయేసరికే తొమ్మిది దాటుతుంది. బరువు మోయడమే మిగులుతుంది. నీ చార్జర్ రెండు ఆంపియర్లదైతే ఖాళీ బ్యాటరీ నిండడానికి ఏడు గంటలు పడుతుంది, కాబట్టి పొద్దున్నే ఏదో ఒక హోటల్లో అడిగి పెట్టేసి, తాజంగి జలాశయం దాకా నడిచి తిరుగు. కరెంటు ఒక యూనిట్టు కూడా కాదు, అయినా యాభై రూపాయలు చేతిలో పెట్టు, టిఫిను అక్కడే తిను.

ముందు రోజు రాత్రికి నర్సీపట్నం మా ఇంటికి వచ్చెయ్. పుల్లలు, బ్రేకులు ఇద్దరం కలిసి చూద్దాం. పెద్ద పంపు నా దగ్గరుంది, 18 స్పానర్ కూడా ఉంది, కొనకు. పైకి వెళ్లేటప్పుడు ఆ టీ బడ్డీ ఆవిడకి ఇవ్వాల్సిన బెల్లం, రెండు చీరలు మీ అత్త సర్ది ఉంచింది, అవి నీ సంచీలో పెడతాను. ఆ రెండు కిలోలు నీ లెక్కలో కలుపుకో.

మీ మావయ్య