బేస్‌బాల్‌లో వయసు మీరిన ప్రత్యర్థి జట్టు పెనెంట్ (లీగ్ టైటిల్) రేసులో చివరిదాకా నిలుస్తుందా?

వయసొక్కటే చూసి వాళ్ల పని అయిపోయిందనుకోకండి. 1983లో ఫిలడెల్ఫియా ఫిలీస్ జట్టులో పీట్ రోజ్‌కి 42 ఏళ్లు, టోనీ పెరెజ్‌కి 41. జో మోర్గన్‌కి సెప్టెంబర్‌లో 40 నిండాయి. రోజ్ బ్యాటింగ్ సగటు .245కి పడిపోయింది. అయినా ఆ జట్టు 90 మ్యాచ్‌లు గెలిచి, డాడ్జర్స్‌ను ఓడించి పెనెంట్ పట్టుకుపోయింది. నిలబెట్టింది పిచింగే (బంతి విసరడమే): జాన్ డెన్నీ 19 గెలుపులతో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు, మ్యాచ్ ఆఖర్లో వచ్చే పిచర్ ఆల్ హాలండ్ 25 సేవ్‌లు చేశాడు, అంటే అన్నిసార్లు జట్టు ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడాడు.

అందుకే ముందు పిచర్లను చూడండి. ఫాస్ట్‌బాల్ వేగం ఏప్రిల్‌లో ఎంత, ఇప్పుడెంత? బ్యాటర్లలో అలసట ఇంకోలా తెలుస్తుంది. కుడిచేతి బ్యాటర్ ఒంటి మీదికొచ్చే ఫాస్ట్‌బాల్‌ను పదే పదే కుడివైపు ఫౌల్ కొడుతున్నాడంటే బ్యాట్ ఆలస్యంగా తిరుగుతోందన్నమాట. అదే అసలు ప్రమాద సూచన.

ఇక మీ జట్టు ముందుంటే, 163లోంచి (సీజన్‌లోని 162 మ్యాచ్‌లకు ఒకటి కలిపితే వచ్చేది) మీ గెలుపులు, వాళ్ల ఓటములు తీసేయండి. మీకు 88 గెలుపులు, వాళ్లకు 68 ఓటములైతే మిగిలేది 7. మీ గెలుపులు, వాళ్ల ఓటములు కలిపి ఇంకో ఏడైతే వాళ్లిక మిమ్మల్ని అందుకోలేరు.