కౌన్సెలింగ్‌కు ఫోన్ చేస్తే హెచ్ఆర్‌కు తెలిసిపోతుందా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ దగ్గర ఊరు. పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ విభాగంలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. వారం వారం షిఫ్ట్ మారుతుంది. నైట్ దిగి ఇంటికొచ్చినా నిద్ర పట్టట్లేదు, ఆడిట్ అంటే చాలు గుండె దడ, ఇంట్లో పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను. క్యాంటీన్ గోడ మీద కౌన్సెలింగ్ నంబరు అంటించి, పేరు బయటికి రాదని రాశారు. ‘చేస్తే మెంటల్ అని రాసుకుంటరు, రెన్యువల్ కాదు’ అంటున్నారు తోటివాళ్లు. చేయాలా, వద్దా?

జవాబు: చేయండి, కానీ అడగాల్సినవి ముందే అడగండి. కాంట్రాక్టు మీద బతికే మనిషికి ఆ అనుమానం రావడంలో తప్పేమీ లేదు, గోడ మీద ఒక కాగితం అంటిస్తే నమ్మకం పుట్టదు.

మామూలుగా కంపెనీలు ఈ పనిని బయటి సంస్థకు అప్పజెబుతాయి. డబ్బు కంపెనీ కడుతుంది, మాట్లాడేది బయటి కౌన్సెలర్. కంపెనీకి వెళ్లాల్సింది ఎంతమంది వాడుకున్నారు, ఎలాంటి సమస్యలు ఎక్కువగా వచ్చాయి అన్న లెక్కలే, పేర్లు కాదు. మీ దగ్గర కూడా అలాగే ఉందో లేదో మీ పేరు చెప్పకముందే తేల్చుకోండి. ఫోనెత్తినవారిని ఇలా అడగండి: ‘మీరు కంపెనీ మనిషా, బయటివారా? నేను చెప్పేది ఎక్కడ రాస్తారు, ఎవరు చూస్తారు? ఎప్పుడు ఇంకొకరికి చెప్పాల్సి వస్తుంది?’ ప్రాణాపాయం ఉందనిపిస్తే చెప్తామని మంచి కౌన్సెలర్ తానే ముందు చెప్తారు. జవాబు సూటిగా రాకపోతే ఫోన్ పెట్టేయండి. ఫ్యాక్టరీ డాక్టరు గారి సంగతి వేరు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద సంతకం చేసేదీ ఆయనే కాబట్టి, అక్కడ కూడా ఇదే అడిగి మాట్లాడండి.

అయినా మనసొప్పకపోతే 14416 ఉంది. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ నంబరు, టెలీ మానస్ అంటారు, కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది, పైసా ఖర్చు లేదు, అర్ధరాత్రి నైట్ షిఫ్ట్ విరామంలో చేసినా తెలుగులో మాట్లాడతారు, మీ కంపెనీకి దాంతో సంబంధమే లేదు. మందులు అవసరమేమో అనిపిస్తే ఎర్రగడ్డ దాకా పోనక్కర్లేదు, మహబూబ్‌నగర్ జనరల్ దవాఖానలోనే మానసిక వైద్యులను కలవండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 23వ సెక్షన్, మీ వివరాలను గోప్యంగా ఉంచడం వైద్యం చేసేవారి బాధ్యత అంటోంది.

ఇంకో మాట, ఇది మీ కంపెనీ వాళ్లు కూడా చదవాలని రాస్తున్నాను. వారం వారం షిఫ్ట్ మారితే ఒంటికి ఏ వేళకు నిద్రపోవాలో తెలియకుండా పోతుంది, నిద్ర చెడితే చిరాకు, దడ, దిగులు పెరుగుతాయి. అది మీ బలహీనత కాదు. షిఫ్టులు అలాగే ఉంచి ‘ఫోన్ చేసి మాట్లాడుకో’ అంటే సగం పనే చేసినట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా పనిభారం, పని పరిస్థితులు సరిచేయమని యాజమాన్యాలకు చెప్పాయి. డాక్టరు చూశాక, జబ్బు పేరు లేకుండా ‘కొన్నాళ్లు నైట్ వద్దు’ అని మాత్రమే కాగితం రాయించుకుని ఇన్‌చార్జికి ఇవ్వవచ్చు.

ప్రశ్న: మిర్యాలగూడలో రైస్ మిల్లులో సూపర్‌వైజర్‌ని. మా దగ్గర కౌన్సెలింగ్ లాంటిదేమీ లేదు. మా ఆపరేటర్ ఒకతను అప్పుల్లో పడ్డాడు, ఎవరితో మాట్లాడడు, ‘నేను లేకుంటేనే అందరికీ నయం’ అన్నాడు. ఏం అనాలో తెలియట్లేదు.

జవాబు: ఈ రోజే మాట్లాడండి. మెషిన్ల దగ్గర కాదు, పక్కకు పిలిచి కూర్చోబెట్టి, ‘చచ్చిపోవాలనిపిస్తుందా అన్నా?’ అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు, చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా ఇంటికి పంపొద్దు, పురుగుల మందు లాంటివి అందకుండా చూడమని ఇంటివాళ్లకు ఫోన్ చేసి, 14416కు మీరే కలిపి ఇవ్వండి. అప్పటికప్పుడు ప్రమాదం కనిపిస్తే 108కి చేసి నల్లగొండ జనరల్ దవాఖానకు మీరే వెంట వెళ్లండి, ఆ రోజు కూలి కోయొద్దని సేటుకు ముందే చెప్పండి.