శనివారం బడికా, బిల్లింగ్‌కా?

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఏడాదికి 28 లక్షల జీతం, కొత్త పన్ను విధానం. రెండేళ్లుగా ప్రతి శనివారం జనగామ దగ్గర మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. పెట్రోలుకు 1,200 అవుతోంది. ఇప్పుడు శనివారాలు ఎనిమిది గంటలు చేస్తే గంటకు 1,500 ఇచ్చే ప్రాజెక్టు వచ్చింది. ఊళ్లోనే బీఈడీ చదివిన అమ్మాయి, నెలకు 12 వేలిస్తే రోజూ సాయంత్రం చెబుతానంటోంది. నేను వెళ్లడం మేలా, సంపాదించి ఇవ్వడం మేలా?

జవాబు: మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. ఆ అమ్మాయి రోజూ చెబుతుంది, మీరు వారానికి ఒక్కరోజు. మీ దగ్గర లేనిది, ఆమె దగ్గర ఉన్నది తీరిక. దాన్ని డబ్బుతో కొనవచ్చు.

ముందు లెక్క చూద్దాం. ఒక శనివారానికి 12,000. మీ ఆదాయం 24 లక్షలు దాటింది కనుక ఖర్చులేవీ చూపకపోతే సెస్‌తో కలిపి 31.2 శాతం పన్ను. చేతికి మిగిలేది 8,256. అంటే నెలలో రెండు శనివారాలు పనిచేస్తే 16,512. ఆమెకు 12 వేలిచ్చినా ఇంకా నాలుగున్నర వేలు మిగులుతాయి.

మిగతా రెండింట్లో ఒకటి బడికి, ఒకటి ఇంటికి. పూర్తిగా మానేయమని మాత్రం చెప్పను. మన ఊరి బడిలోనే చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మనిషి ఎదురుగా నిలబడితే పిల్లల్లో వచ్చే ధైర్యానికి రేటు కట్టలేం. కానీ దానికి నెలకోసారి చాలు. (బడి గోడలకు రంగులేయడానికి కార్లలో వెళ్లే బృందాలను చూస్తే నాకు ఒకటే అనిపిస్తుంది: ఆ పెట్రోలు డబ్బుతో ఊళ్లో పెయింటర్‌కు రెండు రోజుల కూలి గిట్టేది కదా!)

పన్ను మినహాయింపు మీద ఆశ పెట్టుకోకండి. విరాళాలకు ఇచ్చే, మనం అలవాటుగా 80జి అంటున్న మినహాయింపు కొత్త విధానంలో మీకు దొరకదు. పాత విధానంలోకి మారినా గుర్తింపు ఉన్న సంస్థకు ఇచ్చిన విరాళానికే వర్తిస్తుంది, నగదుగా ఇస్తే రెండు వేలు దాటకూడదు. ఆ అమ్మాయికి నేరుగా ఇచ్చే డబ్బుకు ఏ విధానంలోనూ రాదు. మీ శ్రమకు, పెట్రోలుకూ అంతే.

అసలు చిక్కు వేరే ఉంది. సంపాదించి ఇస్తామన్న డబ్బు చాలాసార్లు చేతిలో పడగానే ఈఎంఐలో, కొత్త ఫోన్‌లో కలిసిపోతుంది. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది అలా జారినవాళ్లే. అందుకే ప్రాజెక్టు డబ్బుకు వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి. నెల ఐదో తేదీన ఆమె ఖాతాకు 12 వేలు దానంతటదే వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. క్లయింటు టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే పట్టుకునే పన్ను) కోసినా మీ శ్లాబుకు అది సరిపోదు. తేడా మీద ముందస్తు పన్ను కట్టాలి, అది కూడా ఆ ఖాతాలోనే ఆపండి.

వీటన్నిటికంటే ముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్ చదవండి. బయటి పని చేయకూడదన్న షరతు ఉంటే కంపెనీ రాతపూర్వక అనుమతి ఇచ్చేదాకా ప్రాజెక్టు ఒప్పుకోవద్దు.

ఇక, జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి మార్చిలో పరీక్షల దాకా పది నెలలు, లక్షా ఇరవై వేలు. ఆమెకు మాట ఇచ్చేలోపు కనీసం సగం, అంటే 60 వేలు ఆ ఖాతాలో వేసి ఉంచండి. ప్రాజెక్టు డిసెంబరులో ఆగిపోతే పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పేవాళ్లు లేకుండా పోకూడదు.