పుట్ ఆఫ్ గురించి అమ్మాయికి

ఒంగోలు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులో విదేశీ బయ్యర్లకు మెయిల్స్ రాసే పని నీకు అప్పజెప్పారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ‘పుట్ ఆఫ్’ అనే ఇంగ్లిష్ మాట దగ్గర తడబడుతున్నావట. నిదానంగా చదువు.

‘పుట్’ అంటే పెట్టడం, ‘ఆఫ్’ అంటే ఆపడం అని విడగొట్టి చూడొద్దు. ‘నా మాట కొట్టిపారేశాడు’ అన్నప్పుడు ఎవరూ దేన్నీ కొట్టరు, పారెయ్యరు. ఇదీ అంతే. దీని అసలు అర్థం వాయిదా వెయ్యడం. లోడింగ్ సోమవారానికి వాయిదా పడితే ‘ద లోడింగ్ హ్యాజ్ బీన్ పుట్ ఆఫ్ టిల్ మండే’ అని రాస్తాం. ఇక్కడే కొందరు ‘కాల్డ్ ఆఫ్’ అని రాసేస్తారు. నువ్వు మాత్రం ఆ పని చెయ్యొద్దమ్మా. కాల్ ఆఫ్ అంటే పూర్తిగా రద్దు. బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ రాయి కోసం డబ్బు కట్టి ఎదురుచూస్తున్న మనిషికి ఆ ఒక్క మాట ఎంత టెన్షన్ తెస్తుందో ఆలోచించు.

‘ఇట్’ లాంటి సర్వనామం ఎప్పుడూ మధ్యలోకే వస్తుంది: ‘పుట్ ఇట్ ఆఫ్’. ‘పుట్ ఆఫ్ ఇట్’ తప్పు. తర్వాత ఇంకో క్రియ వస్తే దానికి ‘ఇంగ్’ చేర్చు: ‘డోంట్ పుట్ ఆఫ్ సెండింగ్ ద ఇన్వాయిస్’. ‘టు సెండ్’ అనకూడదు.

ఇంకొకటి, ఇది నేను గట్టిగా చెబుతాను. చెయ్యడం ఇష్టంలేక వాయిదా వేస్తున్నారనే ఛాయ ఈ మాటలో ఒక్కోసారి ఉంటుంది. అందుకని ఆలస్యం మన వైపు నుంచే అయితే మెయిల్లో ‘పోస్ట్‌పోన్’ అని రాసి, కారణం కూడా చెప్పు. ఫోన్లో మాట్లాడేటప్పుడు పుట్ ఆఫ్ సహజంగా ఉంటుంది. అనుకున్న తేదీ కంటే ముందే పని పెట్టుకుంటే మనవాళ్లు ‘ప్రీపోన్’ అంటారు. అది మన దేశంలో చెల్లుతుంది గానీ బయటివాళ్లందరికీ తెలియదు. ‘బ్రింగ్ ఫార్వర్డ్’ వాడు.

మనిషి విషయంలో అర్థం మారిపోతుంది. ‘ద ప్రైస్ పుట్ దెమ్ ఆఫ్’ అంటే ధర చూసి వాళ్లు వెనక్కి తగ్గారని. ‘ద స్మెల్ పుట్ మీ ఆఫ్’ అంటే ఆ వాసనకి నాకు తినబుద్ధి కాలేదని. మొదటిది నీ ఉద్యోగంలో తరచూ వస్తుంది.

ఈ వారం నువ్వు రాసే మెయిల్స్‌లో ఈ మాట ఉన్న వాక్యాలు నాకు వాట్సాప్‌లో పెట్టు, దిద్ది పంపుతాను.

మీ పెదనాన్న