ఫ్రీలాన్సర్ సైట్‌కి ఏ హోస్టింగ్? ముందు మెయిల్ సంగతి తేల్చుకోండి

విజయవాడలో ఫ్రీలాన్స్ గ్రాఫిక్ డిజైనర్‌నని, ఐదు పేజీల సైట్ కావాలని, నెలకు 79 రూపాయల హోస్టింగ్ ప్లాన్ (సైట్ ఫైళ్లు ఉంచే సర్వర్ అద్దె) నాలుగేళ్లకి తీసుకోవచ్చా అని అడిగారు. వద్దండి.

ముందు ఆ 79 లెక్క చూద్దాం. 48 నెలల డబ్బు ఒకేసారి కడితేనే ఆ ధర. 3,792 రూపాయలు, దానిపైన 18 శాతం జీఎస్టీ, వెరసి దాదాపు 4,475. రెన్యువల్ ధర ఎంతో కార్ట్‌లోకి వెళ్లి అడుగున చిన్నక్షరాలు చదివితే గానీ తెలియదు. మూడు నాలుగు రెట్లు ఉండటం మామూలే. 'అన్‌లిమిటెడ్' అని రాసి ఉంటే ఐనోడ్ పరిమితి, అంటే మొత్తం ఎన్ని ఫైళ్లు పెట్టుకోవచ్చో, అడగండి. సైట్ ఫైళ్లతో పాటు మీ మెయిళ్లు కూడా ఒక్కోటి ఒక్కో ఫైలుగా ఆ లెక్కలోకే వస్తాయి. డిస్క్ సగం నిండకుండానే ఖాతా ఆగిపోయేది అక్కడే. ఎస్‌ఎస్‌ఎల్‌కి, అంటే సైట్ చిరునామాని https చేసే భద్రతా సర్టిఫికెట్‌కి, విడిగా డబ్బులు అడిగే కంపెనీ అయితే ఇంకేమీ చూడకుండా వదిలేయండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఆ సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తోంది, వాటి రెన్యువల్ కూడా దానంతట అదే జరిగిపోతుంది. ఇక 'టాప్ 10 హోస్టింగ్' జాబితాల్లో చాలావరకు కమీషన్ లింకులే. ఎవరు ఎక్కువిస్తే వాళ్లు పైన ఉంటారు.

డిజైనర్ సైట్‌కి డేటాబేస్‌తో పనిలేదు. పరిచయం, చేసిన పనులు, ధరలు, సంప్రదించే పేజీ, ఇంతే కదా. మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలు గిట్‌హబ్ పేజెస్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ అనే ఉచిత హోస్టింగ్ సేవల్లో దేంట్లోనైనా పెడితే నెలకు రూపాయి ఖర్చుండదు. గిట్‌హబ్‌లో సైట్ 1 జీబీ దాటకూడదు, నెలకు 100 జీబీ దాకా ట్రాఫిక్‌కి ఇబ్బంది లేదు. ఉచిత ఖాతాలో రిపాజిటరీ (మీ సైట్ ఫైళ్లుండే ఫోల్డర్) అందరికీ కనిపిస్తుంది కాబట్టి క్లయింట్ డ్రాఫ్టులు అందులో పడేయకండి. క్లౌడ్‌ఫ్లేర్‌లో ఒక్కో ఫైలు 25 ఎంబీ లోపు ఉండాలి. ఇలాంటిదే అయిన వెర్సెల్ ఉచిత ప్లాన్ జోలికి పోవద్దు. అది వ్యాపారేతర వాడకానికే అని వాళ్ల నిబంధనల్లోనే ఉంది, మీది వ్యాపారం.

అసలు చిక్కు మెయిల్ దగ్గర వస్తుంది. దీని గురించి ఎవరూ అడగరు.

డొమైన్ (మీ సైట్ పేరు), హోస్టింగ్, మెయిల్ మూడూ ఒకే కంపెనీ దగ్గర ఉన్నాయనుకుందాం. సైట్ ఒక్కటి గిట్‌హబ్‌కి మారుస్తారు. డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో రాసి ఉండే పట్టికలో, పాత 'ఏ' రికార్డు (సైట్ ఉన్న సర్వర్ ఐపీ చిరునామా) తీసేసి 185.199.108.153 నుంచి 185.199.111.153 వరకు నాలుగు చిరునామాలు పెడతారు. కాసేపట్లో కొత్త సైట్ వచ్చేస్తుంది, ఫోన్లో కూడా బాగుంటుంది. కానీ సీప్యానెల్‌లో (హోస్టింగ్ కంపెనీ ఇచ్చే సెట్టింగుల పేజీ) ఎమ్‌ఎక్స్ రికార్డు, అంటే మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పేది, మామూలుగా డొమైన్ పేరునే చూపిస్తుంది. క్లయింట్ పంపిన ఉత్తరం డొమైన్ ఎక్కడుంటే అక్కడికి పోతుంది, అంటే ఇప్పుడు గిట్‌హబ్‌కి. అక్కడ మెయిల్ తీసుకునేవాడు లేడు. పోనీ వెంటనే తిరిగి వెళ్తుందా అంటే అదీ లేదు. పంపిన సర్వర్ నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నించి, ఆ తర్వాత గానీ చేరలేదని చెప్పదు. ఈలోగా ఆ పని ఇంకెవరికో వెళ్లిపోతుంది.

అనుమానం వచ్చి పరీక్షించినా దొరకదు. అదే హోస్టింగ్ వెబ్‌మెయిల్ నుంచి మీకు మీరే పంపుకుంటే ఆ సర్వర్ బయటికి వెళ్లకుండా లోపలే అందించేస్తుంది, అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. పరీక్ష ఎప్పుడూ జీమెయిల్ లాంటి బయటి ఖాతా నుంచే చేయాలి.

విరుగుడు పెద్ద పనేం కాదు, వరుస తప్పకూడదంతే. ముందురోజే టీటీఎల్ (పాత రికార్డును బయటి సర్వర్లు ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) 300కి తగ్గించండి. ఉన్న రికార్డులన్నీ స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. 'మెయిల్' సబ్‌డొమైన్ సీనేమ్‌గా (ఒక పేరుని ఇంకో పేరుకి ముడిపెట్టే రికార్డు) డొమైన్‌కే అతికించి ఉంటే దాన్ని తీసేసి, పాత సర్వర్ ఐపీతో 'ఏ' రికార్డు పెట్టండి. ఎమ్‌ఎక్స్‌ని దానికి తిప్పండి. బయటి నుంచి ఒక ఉత్తరం పంపి చూసి, అది చేరాకే సైట్ చిరునామాలు మార్చండి. పాత 'ఏఏఏఏ' రికార్డు (కొత్త తరహా ఐపీవీ6 చిరునామా) మిగిలిపోతే గిట్‌హబ్ సర్టిఫికెట్ రాక ఆగిపోతుంది, అదీ చూసుకోండి.

ఈ డీఎన్‌ఎస్ పట్టికను ఉంచే నేమ్‌సర్వర్లనే క్లౌడ్‌ఫ్లేర్‌కి మారిస్తే మరో గొడవ. అది పాత రికార్డులను వెతికి తెస్తుంది గానీ, తెలిసిన పేర్లను ఊహించి అడుగుతుందే తప్ప మొత్తం జాబితా దానికి దొరకదు. డీకిమ్ రికార్డు (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే సంతకం తాలూకుది) తరచుగా తప్పిపోయేది ఇందుకే. అది లేకపోతే మీరు పంపే కొటేషన్లు స్పామ్‌లో పడొచ్చు. మీ పేరున మెయిల్ పంపే సర్వర్లు ఏవో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండు పెడితే రెండూ చెల్లవు.

నన్నడిగితే మెయిల్ మొదటి రోజు నుంచే హోస్టింగ్‌తో సంబంధం లేకుండా ఉంచండి. జోహో మెయిల్ ఉచిత ప్లాన్ ఒక్క మనిషికి సరిపోతుంది. ఐమ్యాప్ (వేరే మెయిల్ యాప్‌లలో చూసుకునే సౌకర్యం) లేదు కాబట్టి వాళ్ల యాప్‌లోనో బ్రౌజర్‌లోనో చూసుకోవాలి. సైట్‌లో ఫారం బదులు వాట్సాప్ లింకు పెట్టండి, మనవాళ్లు ఫారాలు నింపరు. నంబరు ముందు 91 ఉండాలి, ప్లస్ గుర్తు గానీ సున్నా గానీ ఉండకూడదు.

సైట్ నెమ్మదిగా ఉందని సర్వర్‌ని తిట్టేవాళ్లలో ఎక్కువమంది 6 ఎంబీ బొమ్మలు అలాగే ఎక్కించినవాళ్లు. స్క్వూష్ అనే ఉచిత వెబ్ పనిముట్టులో వెడల్పు 1600 పిక్సెళ్లకి తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫార్మాట్‌లోకి మారిస్తే చాలా బొమ్మలు 200 కేబీ దగ్గరికొస్తాయి.

డొమైన్ మీ పేరున, మీ మెయిల్‌తో, మీ కార్డుతో కొనండి. సైట్ చేసిచ్చే అబ్బాయి తన ఖాతాలో కొనిపెడతానంటే ఒప్పుకోవద్దు. ఆ మెయిల్ మాత్రం అదే డొమైన్ మీద ఉండకూడదు. డొమైన్ గడువు దాటితే రెన్యువల్ నోటీసు కూడా అందదు.

వారం వారం మీరే వ్యాసాలు రాసి పెట్టాలనుకుంటే వర్డ్‌ప్రెస్ (వ్యాసాలు రాసి పెట్టుకునే సాఫ్ట్‌వేర్), షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ని చాలామంది పంచుకునేది) సబబే. 12 నెలలకే కట్టండి, బ్యాకప్ నెలకోసారి మీ కంప్యూటర్‌లోకి దించుకోండి.

ఆ 79 ప్లాన్ ఇప్పటికే కొనేసి ఉంటే రీఫండ్ గడువు చూడండి, చాలామంది 30 రోజులు ఇస్తారు. 'ఉచిత' డొమైన్ ధర మాత్రం సాధారణంగా కోసుకుంటారు. డాట్ కామ్ అయితే కొన్న 60 రోజుల దాకా ఇంకో రిజిస్ట్రార్‌కి (డొమైన్లు అమ్మే కంపెనీ) మార్చలేరు. నేమ్‌సర్వర్లు మార్చడానికి ఆ 60 రోజులు అడ్డం కావు, సైట్‌ని ఈరోజే కదిలించుకోవచ్చు.