ఎండను గాజుకు బయటే ఆపాలి

ప్రశ్న: మేము కట్టించబోయే ఆరు అంతస్తుల కార్యాలయ భవనానికి రోడ్డు పడమటి వైపున ఉంది. ముఖద్వారం అటే కాబట్టి ఆ గోడనంతా గాజుతో కట్టి, వేడి రాకుండా ముదురు రంగు గాజు వాడితే సరిపోతుందని సలహా ఇచ్చారు. ఇది సరైన పద్ధతేనా?

జవాబు: ముదురు రంగు గాజు ఒక్కటే సరిపోదు. అది ఎండలోని శక్తిని కొంత పీల్చుకొని తాను వేడెక్కుతుంది, ఆ వేడిలో ఒక భాగాన్ని తిరిగి గదిలోకే వదులుతుంది. అందువల్ల దాని పక్కన కూర్చున్న ఉద్యోగికి ఏసీ గాలి వస్తున్నా ఒంటికి సెగ తగులుతూనే ఉంటుంది. పైగా ఆ గాజు వెలుతురును బాగా తగ్గిస్తుంది కాబట్టి పట్టపగలే దీపాలు వేసుకోవలసి వస్తుంది, ఆ దీపాల వేడిని తొలగించే భారం కూడా ఏసీ మీదే పడుతుంది.

ఎండలోని శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలే. వాటివల్ల మనకు వేడి తప్ప వెలుతురు రాదు. వాటిని తిప్పికొట్టి వెలుతురును మాత్రం రానిచ్చే లో-ఈ పూత గాజులు ఇప్పుడు దొరుకుతున్నాయి. గాజు కొనేటప్పుడు దాని రంగును కాక రెండు సంఖ్యలను చూడండి. ఎస్‌హెచ్‌జీసీ అనేది లోపలికి వచ్చే వేడి వంతును, వీఎల్‌టీ అనేది లోపలికి వచ్చే వెలుతురు వంతును చెబుతాయి. మొదటిది 0.3 కంటే తక్కువగా, రెండవది 0.45 కంటే ఎక్కువగా ఉంటే వేడి ప్రదేశాలకు మంచి గాజు అనవచ్చు.

అయినా ఎంత మంచి గాజైనా కంటికి కొట్టే ఎండను ఆపలేదు. నడినెత్తి ఎండ ఆరుబయట సుమారు 1,00,000 లక్స్ (వెలుతురు కొలమానం) ఉంటుంది, బల్ల మీద పని చేసుకోవడానికి 300 నుంచి 500 లక్స్ చాలు. సాయంత్రపు ఎండ ఇంతకంటే బలహీనమే అయినా ఏటవాలుగా నేరుగా ముఖం మీద, కంప్యూటర్ తెర మీద పడుతుంది, దానితో అందరూ బ్లైండ్లు దించేస్తారు. ఎండ తగ్గాక వాటిని మళ్లీ ఎత్తేవారు అరుదు. వెలుతురు కోసమని కట్టిన గాజు గోడ వెనుక రోజంతా దీపాలు వెలుగుతూ ఉండడం నన్ను నిజంగా బాధపెట్టే విషయం. బ్లైండు లోపలి వైపున ఉంటుంది కనుక అది ఎండను అడ్డుకునేసరికే వేడి గాజు దాటి వచ్చేసి ఉంటుంది. నీడ ఏర్పాటు గాజుకు బయట ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

పడమటి ఎండకు కిటికీ మీది సన్‌షేడ్ పనికిరాదు, సూర్యుడు దానికంటే కిందికి దిగిపోతాడు. అక్కడ గాజుకు కాస్త ఎడంగా ఏటవాలుగా నిలిపిన నిలువు పలకలు గాని, చిల్లుల జాలీ గాని అవసరం. ఇంతకంటే మేలైన మార్గం మెట్లు, లిఫ్టులు, స్నానాల గదులు, సామాను గదులు పడమటి అంచుకు చేర్చి, మనుషులు కూర్చునే చోటును ఉత్తర దక్షిణాల వైపు తిప్పడం. దక్షిణపు కిటికీకి లెక్క సులువు. 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద డిసెంబరు నడి మధ్యాహ్నం సూర్యుడు సుమారు 46 డిగ్రీల ఎత్తున ఉంటాడు కాబట్టి మీటరున్నర ఎత్తు కిటికీకి పూర్తి నీడ కావాలంటే దాదాపు 1.4 మీటర్ల సన్‌షేడ్ వేయాలి. అదే కిటికీకి మూడు చోట్ల అడ్డ పలకలు పెడితే ఒక్కొక్కటి అర మీటరు కూడా ఉండనక్కరలేదు.

బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో 1930ల చివర నిర్మాణం మొదలైన విద్యా, ఆరోగ్య మంత్రిత్వశాఖ భవనం దీనికి మంచి ఉదాహరణ. దక్షిణార్ధగోళంలో ఎండ ఎక్కువగా ఉత్తరం నుంచి వస్తుంది కాబట్టి ఆ ముఖానికి తిప్పుకోవడానికి వీలైన అడ్డ పలకలు అమర్చారు.

గాజు మొత్తం మీద గోడ వైశాల్యంలో 30 నుంచి 40 శాతం ఉంటే సాధారణంగా చాలు. అంతకు మించితే వేడి పెరుగుతుందే గాని పనికొచ్చే వెలుతురు అంతగా పెరగదు.

ప్రశ్న: మా కార్యాలయం లోతు ఎక్కువ, మధ్యలో ఎప్పుడూ చీకటే. పైకప్పుకు గాజు వేయించవచ్చా?

జవాబు: పైకప్పులో బల్లపరుపుగా గాజు పరిస్తే వేసవి మధ్యాహ్నపు ఎండ దాని మీద దాదాపు నిట్టనిలువుగా పడుతుంది. అది ఎంత మాత్రం మంచిది కాదు. రంపపు పళ్ల ఆకారంలో కప్పు లేపి, ఉత్తరార్ధగోళంలోనైతే ఆ నిలువు ముఖాలను ఉత్తరానికి తిప్పి గాజు పెట్టండి. అయితే కర్కటరేఖకు దిగువన ఉన్న చోట్ల జూన్ మాసంలో సూర్యుడు ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి ఆ గాజు మీద కూడా చిన్న సన్‌షేడ్ ఉండాలి. ఈ ఏర్పాటు పై అంతస్తుకే ఉపయోగపడుతుందని వేరే చెప్పనక్కరలేదు.

కింది అంతస్తులకు కిటికీలే ఆధారం. కిటికీ పై అంచు ఎంత ఎత్తులో ఉంటే దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల లోతు వరకు వెలుతురు చేరుతుంది. 3 మీటర్ల ఎత్తుకు 4.5 నుంచి 6 మీటర్లన్నమాట. అందుకే ఫాల్స్ సీలింగును కిటికీ దగ్గర దించవద్దు. కిటికీలో కంటి ఎత్తుకు పైన లైట్ షెల్ఫ్, అంటే వెలుతురును పైకి మళ్లించే అడ్డ పలక, పెడితే దాని మీద పడిన ఎండ తెల్లటి సీలింగుకు తగిలి చెదిరి లోపలికి వెళుతుంది, కిందనున్నవారికి నీడ కూడా ఇస్తుంది. షెల్ఫ్ మీద దుమ్ము పేరుకుంటే దాని ప్రయోజనం తగ్గుతుంది కాబట్టి తుడవడానికి దారి ముందే ఆలోచించాలి. కొత్తగా కట్టేవారు మాత్రం భవనం వెడల్పునే 12 నుంచి 15 మీటర్లకు పరిమితం చేసి రెండు వైపులా కిటికీలు పెట్టుకుంటే మధ్యలో చీకటి సమస్య చాలావరకు రాదు.

ప్రశ్న: వెలుతురును బట్టి దీపాలను తగ్గించే సెన్సర్లు పెట్టించాము. సిబ్బంది వాటిని పని చేయనివ్వడం లేదు. ఏం చేయాలి?

జవాబు: మబ్బు వచ్చినప్పుడల్లా దీపాలు ఆరి వెలుగుతూ ఉంటే పని చేసుకునేవారికి చికాకు కలగడం సహజం. ఆన్, ఆఫ్ పద్ధతి మాని, మెల్లగా తగ్గి మెల్లగా పెరిగే డిమ్మింగ్ పెట్టించండి. కిటికీకి సమాంతరంగా ఉన్న దీపాల వరుసలకు వేర్వేరు వైరింగ్ లేకపోతే సెన్సరు ఉన్నా లాభం లేదు, ఎందుకంటే అప్పుడు చీకటి మూల కోసం కిటికీ పక్క దీపం కూడా వెలుగుతూనే ఉండాలి. బల్లలు, అడ్డగోడలు అమర్చిన తరువాతే సెన్సర్ల స్థాయిని సరిచేయించాలి. ఖాళీ గదిలో చేసిన సర్దుబాటు మనుషులు వచ్చి కూర్చున్నాక సరిపడదు.